కొమ్ముల బండి, గల్లాపెట్టె

పాత ఇనుము కొనే మస్తాన్ పోయిన నెల మా చిన్నాయన షెడ్డు తలుపు తీయించి, లోపలికి తొంగి చూసి, చూడగానే మొహం చిట్లించాడు. ఆ చిట్లింపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వస్తువు నచ్చినవాడు చేసే పని అది. నచ్చనివాడు "బాగుండాదమ్మా" అని మెచ్చుకుని, టీ తాగి, దారిన పోతాడు. అంగడివాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ చదువు ఉగ్గుతోనే పోస్తారు. నాకు పోసిన ఉగ్గులో ఆముదం కూడా గీసి గీసి బేరమాడి తెచ్చిందే అయివుంటుంది, అందుకే ఇప్పటికీ కొత్తిమీర కట్ట దగ్గర కూడా నాకు నోరు ఊరుకోదు. చిన్నాయన పోయి అప్పటికి నెలమాసికం కూడా కాలేదు. పిల్లల్లేని మనిషి. షెడ్డు నా పాలికొచ్చింది, దాన్ని ఖాళీ చేయాలి. లోపల చింతపండు పులుపు, ఎలుకల కంపు, వాటి అడుగున ఎక్కడో సన్నగా కాలిన గ్యాసు వాసన. మధ్యలో, ఒకప్పుడు పసుపు రంగున్న ఫోర్క్‌లిఫ్టు. ముందు రెండు ఇనుప కొమ్ములు, నడిపేవాడి సీటు వెనక సిలిండరును పడుకోబెట్టే తొట్టి. దాని పక్కన ఒక పరుపు, పరుపు పక్కన ఒక గల్లాపెట్టె. మస్తాన్ పెట్టె వైపు చూడనైనా చూడలేదు. మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు ఆ పెట్టె కోసం ఒకరి బతుకు ఒకరు నమిలి ఊశారు.

చింతామణిలో మా నాయనది చింతపండు మండీ. ఇల్లు వెనక, అంగడి ముందు, పక్కన గోదాము. కాలం వచ్చిందంటే చాకవేలు దాకా ఉన్న పల్లెల నుంచి బస్తాలు దిగేవి. మా బట్టలు, మా జడలు, మా చదువుకునే పుస్తకాలు, చివరికి దేవుడి పటం వెనక దాచిన విభూతి, అన్నీ పుల్లగా వాసన కొట్టేవి. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్లలకి నోట్లో నీళ్ళూరేవి. అది నా అందానికని కొన్నాళ్ళు అనుకున్నాను. పొద్దున్నే నాయన స్నానం చేసి, తడి తువ్వాలు భుజాన వేసుకుని, పరుపు మీద కూర్చుని కుడి మోకాలు నిలబెట్టేవాడు. గల్లా తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. పడుకున్నా అదే, స్నానమాడినా అదే. కొత్త సరుకు వస్తే ఒక రెబ్బ విరిచి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. రైతు ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. నాయన ఎంతసేపటికీ కళ్ళు తెరిచేవాడు కాదు. "ఆయప్పకి రుచి తెలీక కాదు, ఎదుటోడి ఉసురు పోసుకునేది అట్ల" అని మా అవ్వ వంటింట్లోంచి గొణిగేది. కన్నతల్లికి తెలియనిదేముంది.

ఆ అవ్వే విదురాశ్వత్థలో నాగరాయికి పసుపు పూసి, మొక్కుకుని, రెండో కొడుకును కన్నది. కన్నాక, సంతలో తొందరపడి కొన్న ఎద్దును చూసుకున్నట్టు చూసుకునేది. ఆ రెండోవాడే చిన్నాయన. బెంగళూరులో ఒక గాజుసీసాల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్టు నడిపి, అది మూతపడితే ఇంటికొచ్చాడు. నెత్తిన వెంట్రుకలు పలచబడిన మనిషికి మా అంగట్లో కూర్చునే చోటు బస్తాల మీద. పరుపు మీద నాయన తప్ప ఎవరూ కూర్చోకూడదు. నాయన అన్నం తినడానికి లోపలికి పోయేటప్పుడు గల్లాకు తాళం వేసి, తాళాన్ని లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, అది చిన్నాయన చూస్తున్నాడని నిశ్చయం చేసుకుని లేచేవాడు. భోజనాల దగ్గర నాయనకు గడ్డపెరుగు, చిన్నాయనకు మజ్జిగ. ఆ మజ్జిగలో చెయ్యి పెడితే గోళ్ళు లెక్కపెట్టవచ్చు.

చిన్నాయన కూడా జాలిపడదగిన మనిషేమీ కాదు. నోరు విప్పితే తను నడిపిన బండి గొప్ప. ఆ బండి చరిత్రంతా మాకు అన్నంలో కలిపి పెట్టేవాడు. "మొదట్లో ఇవి రైలుస్టేషన్లలో పెట్టెలు లాగే బ్యాటరీ బండ్లు న్నా. మోసేవి గానీ ఎత్తేవి కాదు. ఆమీదట కొమ్ములొచ్చె, నిలువు కమ్మీలొచ్చె. యుద్ధాలొచ్చి మగోళ్ళంతా తుపాకులు పట్టుకోని పోతే సరుకెత్తేదానికి మనుషుల్లేకపాయె. అప్పుడు చూడు వీటికి గిరాకీ."

"మనుషులు సచ్చేకొద్దీ గిరాకీ పెరిగే సరుకా," అన్నాడు నాయన ముద్ద కలుపుతూ. "అట్లయితే నువ్వు వచ్చిన్నుంచీ మనింటికి ఒగటి అవసరమే."

చిన్నాయన పట్టించుకోలేదు. అతనికి వినేవాళ్ళు దొరకడమే పండుగ. పెట్రోలు బండ్లు మూసిన గోదాములో తిరిగితే నడిపేవాడి తల తిరిగిపోయేదట. డీజిలు బండి మసి సరుకు మీద కూర్చునేదట. అందుకని అదే పెట్రోలు ఇంజనుకు గ్యాసు తాపడం నేర్చారట. సిలిండర్లోంచి గ్యాసు నీళ్ళలాగా కారి వస్తుంది, ఇంజను వేడినీళ్ళు తిరిగే ఒక డబ్బాలో ఆవిరవుతుంది, ఆ ఆవిరిని ఇంజను తాగి బరువులెత్తుతుంది. "పొగ లేదు, మసి లేదు. చింతపండు వాసన పట్టే సరుకు గదా, దానికి గ్యాసు బండే సరి. సిలిండరు అయిపోతే మార్చుకునేదే, బ్యాటరీ మాదిరి పొద్దంతా కాసుకోని కూచునేది లేదు."

"ఆవిరి తాగి బరువులెత్తేది ఈ ఇంట్లో ముందునుంచే ఒగటుండాది," అంది అవ్వ పొయ్యి దగ్గర్నుంచి. "దానికి ఎవురూ పూజ చేయల్యా."

నాయన ఆ బండి మాట మీద ఒకరోజు ఉన్నట్టుండి చెవి పెట్టాడు. ప్రేమతో కాదు. ఆ ఏడు హమాలీలు కూలి పెంచమని కూర్చున్నారు. వాళ్ళ మేస్త్రీ నరసింహప్ప నాయన ఈడువాడు, నాయనంత మొండివాడు. బస్తా వీపున వేసుకుని మాట్లాడగలడు, దించి కూడా మాట్లాడగలడు. నాయనకు నచ్చనిది రెండోది. "బండి ఒగటి తెచ్చి గోదాములో నిలబెడితే వాని నడుము దానంతటదే వంగుతాది," అన్నాడు నాయన. బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ పాత యంత్రాలు తీసేస్తుంటే, చిన్నాయనను వెంటబెట్టుకుని పోయి, బండిని చూసి మొహం చిట్లించి, తువ్వాలు కింద, వేలికింత అని, వేళ్ళు నొక్కి బేరం చేసుకొచ్చాడు. ఆ రోజు భోజనాల దగ్గర మంచి ఊపులో ఉండి తమ్ముడితో ఒక మాట అన్నాడు. "ఆయుధపూజ దాకా ఈ బండి ఆగకుండా పనిచేసిందంటే, పూజ అయినాక నువ్వు గల్లా దగ్గర కూచో పో."

చిన్నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అవ్వ ఆ పూట మజ్జిగలో నీళ్ళు కాస్త తగ్గించింది.

బండి పనిచేసింది. అది మా నాయనకు కూడా ఆశ్చర్యమే. పదిమంది రోజంతా ఎక్కించే బస్తాలను అది టిఫిను వేళకి దూలాల కింది దాకా పేర్చి నిలబడేది. హమాలీలను నాయన ఒకేసారి మానిపించలేదు, అది దయ అవుతుంది. ఒక్కొక్కరినీ పొద్దున్నే రప్పించి, ఎండెక్కేదాకా గోడకు కూర్చోబెట్టి, "ఈపొద్దు పని లేదప్పా" అని పంపించేవాడు. వాళ్ళు దానికి కొమ్ముల బండి అని పేరు పెట్టారు. చిన్నాయన వాళ్ళ ముందు నుంచి కావాలని హారను కొడుతూ పోయేవాడు. నరసింహప్ప ఒకసారి, "మెల్లిగా పోప్పా, కొమ్ములుండే గొడ్డు ఎప్పుడో ఒగప్పుడు యజమానినే పొడుస్తాది" అన్నాడు. చిన్నాయన నవ్వి ఇంకోసారి హారను కొట్టాడు. నా కాలేజీ స్నేహితురాళ్ళకు మా ఇంట్లో యంత్రం ఉందని నేను కూడా గొప్పలు చెప్పుకున్నాను. వాళ్ళు యంత్రమంటే మిక్సీ అనుకున్నారు.

ఆయుధపూజ దగ్గరపడ్డాక చిన్నాయన కొత్త చొక్కా కుట్టించుకుని, ఒక పొద్దున నాయన ముందు నిలబడి, "అన్నా, ఆ గల్లా మాట..." అన్నాడు.

"ఏ మాట?"

"అన్నం తినేటప్పుడు అంటివే."

నాయన రైతు ముందు కళ్ళు మూసుకున్నట్టే కళ్ళు మూసుకున్నాడు. "ఒరే, ఇంట్లో అన్న మాట మాటేనా? అన్నం తినేటప్పుడు ఎవురైనా ఎన్నో అంటారు. మండీలో, నలుగురు వినంగా అన్నిందే మాట."

ఇది మా నాయన కల్పించింది కాదు. మా అంగళ్ళలో నడిచే న్యాయమే. ఇంట్లో పెళ్ళానికీ పిల్లలకూ చెప్పింది గాలి. బజారులో నలుగురు విన్నదాన్ని మాత్రం చచ్చినా తప్పకూడదు. తప్పినవాడి చేతికి ఆ తర్వాత ఎవడూ తువ్వాలు కింద చెయ్యి ఇవ్వడు. కాగితాలు లేకుండా కొండంత సరుకు చేతులు మారేది ఆ ఒక్క నియమం మీద. చిన్నాయన తల ఊపి వెళ్ళిపోయాడు. అంత మెల్లగా తల ఊపిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

పూజ ముందు రోజు బండి సిలిండరు అయిపోయింది. దానికి కావలసింది వేరే రకం సిలిండరు, పడుకోబెట్టి వాడేది, అడుగున ఉన్న గ్యాసును కూడా ద్రవంగా తోడే గొట్టం లోపల ఉంటుంది. అది బెంగళూరు నుంచి రావాలి. నాయన వంటింట్లోకి చెయ్యి చూపించాడు. "అదో, ఆడ ఒగటి ఉండాది గదా. గ్యాసు గ్యాసే."

"అది నిలబెట్టి వాడేది న్నా," అన్నాడు చిన్నాయన. "లోపల గొట్టముండదు. పడుకోబెడితే పైసగం దాకా ద్రవమొస్తాది, ఆమీదట ఉత్త ఆవిరే. సిలిండరు మంచుపట్టి ఇంజను ఆగిపోతాది. ప్రమాదం గూడా."

"సగం చాలు. పూజకి ఎంత గావాల?"

వ్యాన్లకు దొంగతనంగా వంటగ్యాసు బిగించే మెకానిక్‌ను పిలిపించారు. పండుగ వంటకు అవ్వ ఆ సిలిండరునే వాడుతోంది. పూర్ణాలు ముగిశాక, వేడి వేడిగా ఉన్న పొయ్యి కిందనుంచి దాన్ని పీకి, పసుపు కుంకుమ పెట్టి, బండి వెనక పడుకోబెట్టారు. అందులో ఎంత మిగిలిందో చిన్నాయన చేత్తో ఎత్తి చూసినప్పుడే గ్రహించి ఉంటాడు. చెప్పకుండా పోయి కొత్త చొక్కా తొడుక్కున్నాడు.

మా గోదాములో లక్ష్మీదేవి పటం తలుపు పైన, దూలానికి ఉండేది. ఆమె కంటే ఎత్తులో సరుకు ఉండకూడదని తాత అక్కడ కొట్టించాడట. ఏటా ఆయుధపూజకు హమాలీలు బస్తాలు మెట్లుగా పేర్చేవారు. నాయన వాటి మీదుగా ఎక్కి దండ వేసి దిగేవాడు. కింద వాళ్ళకు కొత్త తువ్వాళ్ళు, లడ్లు ఇచ్చేవాడు. ఆ ఏడు మెట్లు వద్దన్నాడు. కొమ్ముల మీద చెక్కపలక, పలక మీద చేతుల కుర్చీ, కుర్చీలో నాయన. చక్రాల కింద నిమ్మకాయలు. బజారంతా వచ్చింది. హమాలీలూ వచ్చారు, తువ్వాళ్ళ ఆశతో కాదు, చూడటానికి. చిన్నాయన కొత్త చొక్కాలో సీటు మీద కూర్చున్నాడు. బండి నిమ్మకాయలను నలిపి ముందుకు కదిలింది, నాయన నెమ్మదిగా లేచాడు, మా తలల పైకి, బస్తాల పైకి. పటం చేతికందేలోపలే ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి దగ్గి, ఆగిపోయింది. వెనక సిలిండరు కింది భాగం మంచు పట్టినట్టు తెల్లబడింది.

మొదట ఎవరూ నవ్వలేదు. నాయన పైనుంచి, "ఏమిరా?" అన్నాడు.

"గ్యాసు అయిపాయ న్నా."

"దింపు మరి."

"గ్యాసు లేకుంటే నేనేం చేసేది?"

నాయనకు ఎత్తు భయమని మాకెవరికీ తెలియదు. ఏటా బస్తాల మెట్లు ఎక్కిన మనిషి. పక్కన నరసింహప్ప భుజం ఉండేదని మేం గమనించలేదు. ఇప్పుడు పక్కన గాలి తప్ప ఏమీ లేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. దండ ఎక్కడ పెట్టాలో తెలియక మెడలో వేసుకున్నాడు. అప్పుడు వెనక ఎవరో, "అమ్మవారికి వేసేది ఆయప్పే వేసుకున్నాడే" అన్నారు. అక్కడ మొదలైంది నవ్వు. పోటీ అంగడాయన, "నిమజ్జనం ఎప్పుడప్పా?" అని అడిగాడు. నాకూ నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను, దగ్గొచ్చినట్టు నటించాను, అవ్వ నా వీపు మీద చరిచింది, ఆమె కొంగు కూడా నోట్లోనే ఉంది.

"నరసింహప్పా, బస్తాలు పేర్చప్పా," అన్నాడు నాయన.

నరసింహప్ప గోడకు ఆనుకుని బీడీ చెవి వెనక పెట్టుకున్నాడు. "ఈపొద్దు పని లేదంటివి గదప్పా."

కుర్చీ కొంచెం ఊగింది. నాయన కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. చిన్నాయన సీటులోంచి దిగలేదు, తల ఎత్తలేదు. అందరికీ వినబడేటట్టు, చాలా మర్యాదగా అడిగాడు. "అన్నా, రేపట్నుంచి గల్లా దగ్గర ఎవురు కూచునేది?"

నాయన కిందికి చూశాడు, చూడగానే కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఊపిరి బిగబట్టింది ఆయనే.

"నువ్వే."

"ఈళ్ళు విన్నారా?"

"గల్లా నీది," అని నాయన గట్టిగా అరిచాడు. "అందరూ వినండప్పా. రేపట్నుంచి గల్లా వానిది."

చిన్నాయన చెయ్యి చాచి, తన ముందున్న పొడుగు లివరును మెల్లగా ముందుకు తోశాడు. ఇంజను ఆగే ఉంది. కొమ్ములు ఏ చప్పుడూ లేకుండా, మంచి నెయ్యి కారినట్టు కిందికి దిగాయి. ఎత్తడానికే గ్యాసు కావాలి, దించడానికి అక్కరలేదు. పైనున్న మనిషి బరువే వాడిని దించుతుంది. కుర్చీ కాళ్ళు మా ఎదురుగా వచ్చి ఆగేసరికి అందరికీ అర్థమైంది. నాయనకు అందరికంటే కాస్త ముందే అర్థమైంది. లేచాడు, మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టాడు, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి తమ్ముడి చేతిలో వేశాడు. పటానికి ఆ ఏడు దండ పడలేదు.

మర్నాడు చిన్నాయన స్నానం చేసి, తడి తువ్వాలు భుజాన వేసుకుని, పరుపు మీద కూర్చుని కుడి మోకాలు నిలబెట్టాడు. రోడ్డుకు అవతలి పక్క, చెప్పుల అంగడి ఖాళీ చేసిన చోట, నాయన ఒక కొత్త పరుపు వేయించుకున్నాడు. ఒక రేకు డబ్బా పెట్టుకున్నాడు. త్రాసు, తూకం రాళ్ళు తెప్పించుకున్నాడు. మొదటి బండి చింతపండు దిగగానే, రైతు అలవాటుగా ఇటు తిరగబోయి, అటు నాయనను చూసి, అటే పోయాడు. ఆ తర్వాతివాడూ అటే. చిన్నాయన రోడ్డు దాటి వచ్చాడు. "ఇదేమి న్నా? గల్లా నాదంటివే, అందరూ విన్నారే."

"నీదే గదరా. ఎవురు కాదన్నారు?" అన్నాడు నాయన, ఒక రెబ్బ విరిచి నాలుక మీద పెట్టుకుంటూ. "గల్లా ఇచ్చినాను. బేరం ఇస్తానన్నానా?"

బజారు ఆ మాటను కూడా న్యాయమనే ఒప్పుకుంది. బేరంలో ఏది అడిగితే అదే వస్తుంది. అడగనిది రాలేదని ఏడ్చేవాడిని మా వీధిలో పిల్లలు కూడా ఎక్కిరిస్తారు. నాయన ఎగువ వీధిలో వేరే గోదాము తీసుకున్నాడు. నరసింహప్పను ఇంటికి పోయి పిలిచి, అడిగిన కూలి ఒప్పుకున్నాడు; యంత్రం తమ్ముడి దగ్గర ఉంది కదా, మనుషులు కావాలి. అద్దెకున్న పాత గోదామును యజమాని ఖాళీ చేయమన్నప్పుడు, చిన్నాయన బండినీ, పరుపునూ, గల్లానూ బాగేపల్లి రోడ్డు షెడ్డుకు తరలించుకున్నాడు. బెంగళూరు నుంచి సరైన సిలిండరు తెప్పించుకున్నాడు. ఏటా ఆయుధపూజకు బండికి పసుపు రాసి, ఇంజను తిప్పి, ఖాళీ కొమ్ములను పైకప్పు దాకా ఎత్తి దించేవాడు. ఎత్తడానికి వేరే ఏమీ లేదు. అన్నదమ్ములిద్దరూ ఆ తర్వాత ఒకే వీధిలో పెళ్ళిళ్ళకూ చావులకూ కలిశారు, వంకాయల ధర మాట్లాడుకున్నారు. నాయన పోయినప్పుడు చిన్నాయన వచ్చి, పాడె కొలత చూసి, "తేలికైనాడు" అని మాత్రం అన్నాడు.

నాయన బేరం నాకొచ్చింది. ఇప్పుడు నా చింతపండు చిక్కబళ్ళాపురం దగ్గర కోల్డ్ స్టోరేజీలో పెడతాను, అక్కడ నల్లబడదు. లోపల తిరిగేవి బ్యాటరీ బండ్లు. తిరిగి తిరిగి చిన్నాయన చెప్పిన మొదటి రోజులకే వచ్చింది లోకం, కాకపోతే ఇప్పుడవి కొద్దిసేపట్లోనే చార్జీ అవుతాయి. బయట లారీల దగ్గర గ్యాసు బండి ఒకటుంది, పొగ కడిగే డబ్బా, కంప్యూటరు లెక్కతో గ్యాసు తాపే ఏర్పాటు అన్నీ ఉన్నాయి. దాన్ని నడిపేది చాకవేలు అమ్మాయి. పైన మనిషి ఉండగా ఇంజను ఆగిపోతే ఎట్లా అని ఆమెను అడిగాను. "మనుషుల్ని ఎక్కించేదానికే లేదమ్మా, రూలు," అంది. మా కాలంలో రూలు లేదు. అందువల్ల మా నాయన కనీసం ఒకసారి పైనుంచి లోకాన్ని చూశాడు.

షెడ్డులో మస్తాన్ బండి చుట్టూ తిరిగి, టైరును తన్ని, ఇంజను తుప్పును గోటితో గీకి, తువ్వాలు నా చేతి మీద కప్పాడు. వేలు నొక్కాడు. నేను ఇంకో వేలు అడిగాను. తల అడ్డంగా ఊపాడు. చిన్నాయన పోయిన దుఃఖం ఆ తువ్వాలు కింద నాకు ఎక్కడా తగల్లేదు. వేళ్ళు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. బేరం తెగేటట్టు లేదని, "ఇంకొక్క వేలు వెయ్యప్పా, ఆ గల్లాపెట్టె కొసరు తీసుకో" అన్నాను.

మస్తాన్ మొదటిసారి పెట్టె వైపు చూశాడు. మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, తీసి, దుమ్ము దులుపుకున్నాడు. మొహం చిట్లించలేదు.

"బాగుండాదమ్మా," అన్నాడు. "చెక్క గదా, నాకొద్దు."